సునాముఖి పొడి: సరుకు మంచిదే, ప్యాకెట్ మీద రాతలే బాగాలేవు

రాజమండ్రిలో టైలరింగ్ షాపు నాది. పండగల ముందు జాకెట్లు కుప్పపడితే మిషన్ మీంచి లేవడం కుదరదు, నీళ్ళు తాగడం కూడా గుర్తుండదు. ఇక మలబద్ధకం రాక ఏమవుతుంది? మూలికల కొట్టులో ఈ సునాముఖి పొడి వంద గ్రాముల ప్యాకెట్ తెచ్చుకున్నాను. కంపెనీ పేరు రాయను, ఎందుకో కింద తెలుస్తుంది.

సరుకుకి వంక పెట్టలేను. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు, ఎండుగడ్డి వాసన. వేళ్ళ మధ్య నలిపితే పుల్లలు, ఈనెలు తగల్లేదు. రుచి సంగతి అడక్కండి. ముందు జిగురుగా ఉంటుంది, ఆ తర్వాత చేదు నాలుకని పట్టుకుని వదలదు. నేను గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఒక్క గుక్కలో మింగి, వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకుంటాను.

రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి పని అవుతుంది. ఇంత ఆలస్యమెందుకని బీఫార్మసీ చదివే మా అమ్మాయిని అడిగాను. "అమ్మా, నువ్వు మింగేటప్పటికి అదింకా మందు కాలేదు. నీ పేగుల్లో బ్యాక్టీరియా చేయాలి దాన్ని మందుగా" అంది. ఆకులో ఉండే సెన్నోసైడ్లకి చక్కెర అణువులు అతుక్కుని ఉంటాయట. అందుకే జీర్ణాశయం, చిన్న పేగు దాటేదాకా అవి దాదాపు అలాగే వెళ్తాయి. పెద్ద పేగులోని బ్యాక్టీరియా ఆ చక్కెరని విడదీసి, మిగిలినదాన్ని రీన్ ఆంత్రోన్ అనే పదార్థంగా మారుస్తుంది. పేగుని కదిలించేదీ, నీళ్ళు వెనక్కి ఇంకకుండా ఆపేదీ అదే. మొత్తం 6 నుంచి 12 గంటల వ్యవహారం. మా ఆడపడుచు ఇది తెలియక, గంటయినా కదలిక లేదని రెండో చెంచా వేసుకుంది. పాపం, మర్నాడు కడుపు మెలిపెట్టి పెళ్ళికి వెళ్ళలేకపోయింది.

పంటినొప్పికి యాంటీబయాటిక్ వాడుతున్న రోజుల్లో ఈ పొడి నాకు సరిగ్గా పట్టలేదు. పేగుల్లో బ్యాక్టీరియా తగ్గితే అలా జరగొచ్చని అమ్మాయి అంది. నా విషయంలో కారణం అదేనని ఒట్టేసి చెప్పలేను గానీ, నమ్మబుద్ధి అవుతోంది.

ఇక నా కోపమంతా ప్యాకెట్ మీద. "ప్రకృతి సిద్ధం, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, రోజూ వాడవచ్చు" అని పెద్ద అక్షరాల్లో కొట్టారు. వారాల తరబడి రోజూ వాడితే ఒంట్లో పొటాషియం తగ్గిపోవచ్చు. బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వేసుకునేవాళ్ళకి అది మరీ ప్రమాదం. నెలల తరబడి వాడితే పెద్ద పేగు లోపలి పొర నల్లబడటం కూడా ఉంది, మానేస్తే మెల్లగా పోతుందంటారు. మూత్రం రంగు మారొచ్చని ఒక్క ముక్క రాస్తే కొత్తవాళ్ళకి టెన్షన్ తప్పేది కదా! చెంచాడు పొడిలో సెన్నోసైడ్లు ఎన్ని మిల్లీగ్రాములో అసలే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో సెన్నా (సునాముఖికి ఇంగ్లీషు పేరు) మాత్రలో సెన్నోసైడ్లు 7.5 మిల్లీగ్రాములని లెక్కగా ఉంటుంది. మెడికల్ షాపు మాత్రల మీదా ఆ లెక్క రాసే ఉంటుంది.

పొడికి నాలుగు స్టార్లు, ప్యాకెట్‌కి ఒకటి. ఇది అయిపోయాక నేను మాత్రలకే మారుతున్నాను, అదీ అవసరమైన రాత్రులకే.