ఫైనల్ టికెట్లంటూ ఒకే టికెట్టును పదిమందికి అమ్ముతున్నాడు, జాగ్రత్త

నిన్న రాత్రి, అంటే 2025 అక్టోబరు 26న, ప్రైమ్ వాలీబాల్ లీగ్ ఫైనల్ చూద్దామని హైదరాబాద్‌లోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం గేటు దాకా వెళ్లి మా నాన్నను వెనక్కి తీసుకొచ్చాను. నిద్ర పట్టలేదు. ఇంకొకరు మోసపోకముందే చెప్పాలని రాస్తున్నాను.

ఆ టికెట్లు అమ్మినవాడు ఇక్కడ చాలామందికి తెలిసినవాడే. అక్టోబరు 2న హైదరాబాద్ బ్లాక్ హాక్స్, కాలికట్ హీరోస్ జట్ల మ్యాచ్‌తో ప్రైమ్ వాలీబాల్ సీజను మొదలైనప్పటి నుంచీ వాట్సాప్ గ్రూపుల్లో ‘మేము వెళ్లడం కుదరడం లేదు, టికెట్లు తీసుకోండి’ అని పెడుతున్నాడు. నేను మూడు టికెట్లకు 2,400 రూపాయలు ఫోనులోనే పంపాను. వాడు టికెట్ల ఫొటోలు పంపాడు. అంతే.

నాన్న మా ఊరి జట్టులో బూస్టర్. అంటే సంక్రాంతి వాలీబాల్ పోటీల్లో స్మాష్ కొట్టేవాళ్లకు ఏళ్ల తరబడి బంతి లేపిన మనిషి. కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా చాచలేరు. 2022లో మొదటి సీజను హైదరాబాద్‌లోనే జరిగినా కరోనా భయంతో ఆయనను రప్పించలేదు. 2023లో మ్యాచ్‌లు ఇక్కడికి వచ్చిన సమయానికి ఆయనకు మోకాలి ఆపరేషను. 2024 సీజను మొత్తం చెన్నైలో పెట్టారు. ఇన్నాళ్లకు ఫైనల్ మళ్లీ హైదరాబాద్‌లో జరుగుతుందని కర్నూలు నుంచి బస్సులో వచ్చారు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా సంచిలో పెట్టుకుని.

గేటు దగ్గర అమ్మాయి మొదటి టికెట్టు మీద యంత్రం పెట్టింది. ఎర్ర దీపం. రెండోది, మూడోది కూడా అంతే. ‘ఈ సీట్లలోకి మనుషులు వెళ్లిపోయారండీ’ అని తెర నా వైపు తిప్పి చూపించింది. ఆమె తప్పేమీ లేదు, మర్యాదగానే చెప్పింది. మా వెనకే ఇద్దరు కుర్రవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్ల ఫోన్లలోనూ అవే సీట్ల నంబర్లు, అదే ఫొటో.

వాడికి ఫోను చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. నాన్న పక్కనే ఉన్నా స్పీకరు ఆపలేదు, అది నా పొరపాటు. ‘ముందు వచ్చి ఉంటే మీరే లోపల ఉండేవాళ్లు కదా సార్’ అన్నాడు. క్షమించమనలేదు, బుకాయించలేదు, ఆలస్యంగా రావడమే మా తప్పన్నట్టు మాట్లాడాడు. పెద్దాయన అంత దూరం నుంచి వచ్చారని చెబితే, ‘పెద్దవాళ్లకు టీవీలోనే బాగా కనబడుతుంది’ అని పెట్టేశాడు. తర్వాత నా నంబరును బ్లాక్ చేశాడు. డబ్బు పోయినదానికంటే ఆ మాట నన్ను ఎక్కువ కోస్తోంది. నాన్న అంతా విన్నారు. ‘పోనీలే నాయనా, పద’ అన్నారు.

15 పాయింట్లకే సెట్టు ముగిసే ఆట ఇది. మేము గేటు దగ్గర బతిమాలుకుంటుండగానే లోపల అరుపులు రెండుసార్లు ఆకాశాన్ని తాకాయి. బెంగళూరు టార్పెడోస్ ముంబై మీటియర్స్‌ను వరుసగా మూడు సెట్లలో ఓడించిందని ఆటోలో ఫోను చూసి తెలుసుకున్నాం. నాన్న అడిగింది ఒక్కటే: ‘బెంగళూరు బూస్టర్ ఎలా ఆడాడట?’ నా దగ్గర జవాబు లేదు.

వారం ముందే టికెట్ల యాప్‌లో కొని ఉంటే ఇదేదీ జరిగేది కాదు. ఆఫీసు పనిలో పడి వాయిదా వేసింది నేనే.

ఈ ఉదయం వాడు అదే గ్రూపులో క్రికెట్ టికెట్లు ఉన్నాయని పెట్టాడు. అందుకే ఈ తొందర. టికెట్టు ఫొటో చూసి డబ్బు పంపకండి. ఎంతమందికైనా పంపగలిగేది ఫొటో. టికెట్టు మీ యాప్‌లోకి మీ పేరున బదిలీ అయితేనే డబ్బు ఇవ్వండి. ఇప్పటికే డబ్బు పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. చెల్లింపు వివరాలు, సంభాషణ చెరిపేయకండి. గేటు దగ్గర కలిసిన ఆ ఇద్దరు కుర్రవాళ్లూ నేనూ కలిసి ఫిర్యాదు ఇస్తున్నాం. వాడి దగ్గర కొన్నవాళ్లు ఇంకా ఉంటే ఈ రాత్రిలోపు నాకు రాయండి.