నవల కొంటున్నారా? 144వ పేజీ తర్వాత 145 ఉందో లేదో చూసుకోండి

కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు ఫేస్‌బుక్‌లో చూసి పుస్తకాలు తెప్పించుకునేవాళ్ళు దయచేసి ఇది చదవండి.

నేనూ అలాగే ఒక నవల తెప్పించాను. ఇల్లు వదిలి వెళ్ళిపోయిన తండ్రిని వెతుక్కుంటూ బయల్దేరిన పదిహేడేళ్ళ కుర్రాడి కథ అది. నవల పేరు రాయడం లేదు, తప్పు రచయితది కాదు కాబట్టి. అసలు ధర 300, ఫేస్‌బుక్‌లో అమ్మేవాళ్ళు 140కే ఇస్తామన్నారు. ఒరిజినలేనా అని అడిగితే "హండ్రెడ్ పర్సెంట్ సార్" అన్నారు. డబ్బులు పంపేశాను.

పుస్తకం మా అక్క కొడుక్కి. వాడూ నాన్న లేకుండానే పెరుగుతున్నాడు. ఆయన ఎక్కడున్నాడో మాకెవరికీ తెలీదు. క్లాసు పుస్తకాలు తప్ప ముట్టనివాడు రెండు రాత్రులు వదలకుండా చదివాడు. మూడో రోజు పొద్దున్నే వచ్చి, "మామయ్యా, తలుపు తీసిందెవరు?" అన్నాడు.

తీసి చూశాను. 144వ పేజీ చివర ఆ కుర్రాడు ఓ ఇంటి తలుపు కొడతాడు. పేజీ తిప్పితే మళ్ళీ 129. అవే పదహారు పేజీలు ఇంకోసారి, ఆ తర్వాత ఏకంగా 161. పుస్తకాన్ని పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చేసి, మడిచి, వరసగా పేర్చి బైండు చేస్తారు. తొమ్మిదో ఫారం రెండుసార్లు పెట్టి పదోది వదిలేశారు. తండ్రీకొడుకులు ఎదురుపడేది ఆ పదోదాంట్లోనే. 161కి వచ్చేసరికి కుర్రాడు తిరుగు బస్సులో ఉన్నాడు.

బైండింగు పొరపాటు ఏ ప్రెస్సులోనైనా జరగొచ్చు, మంచి ప్రచురణకర్తలు మార్చిస్తారు. ఇది అలాంటిది కాదు. అక్షరాలు బూడిద రంగులో ఉన్నాయి, వత్తులు అలికేసినట్టున్నాయి. అట్ట మీది ఐఎస్‌బీఎన్‌కీ, అంటే పుస్తకం గుర్తింపు నంబరుకీ, లోపలి పేజీలో ఉన్నదానికీ పొంతన లేదు. ఎవరో అసలు పుస్తకాన్ని స్కాన్ చేసి అచ్చేసిన దొంగ కాపీ. ఏళ్ళు కష్టపడి రాసిన మనిషికి ఇందులో రూపాయి కూడా చేరదు, నాకు అదింకా బాధ.

ఫోటోలు పంపితే "రిటర్న్ లేదండీ" అని నంబరు బ్లాక్ చేశారు. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. డబ్బులు కట్టిన స్క్రీన్‌షాటు, వాళ్ళు పెట్టిన మెసేజీలు డిలీట్ చేయకండి. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీయండి, నేను తీయలేదు. పిల్లల చేతికిచ్చే ముందు 16, 32, 48 అలా ప్రతి పదహారో పేజీ దగ్గరా నంబర్లు చూసుకోండి.

అసలు పుస్తకం ప్రచురణకర్తలకే ఫోన్ చేసి చెప్పాను, శనివారానికి వస్తుందన్నారు. వాడు మాత్రం ఈ కాపీనే 144వ పేజీ దగ్గర మడతపెట్టి దిండు కింద ఉంచుకున్నాడు.