ఫోన్లో తెలుగు చదవడానికి నేను వాడిన బ్రౌజర్లు

ఫోన్లో ఏ బ్రౌజర్ వేసినా ముందు ఒక తెలుగు పేజీ తెరిచి చూస్తాను. ఒత్తులు అక్షరాల కింద సరిగ్గా కూర్చున్నాయా, పేజీ చివరిదాకా కళ్లు నొప్పి పుట్టకుండా చదవగలనా అన్నదే నాకు ముఖ్యం. వేగం సంగతి ఆ తర్వాతే. 2010 నుంచి నా లెక్క ఇదే.

అప్పుడు పరకాల నుంచి హనుమకొండకు రోజూ బస్సులో వచ్చి డిగ్రీ చదువుకునేవాళ్లం. నా చేతిలో నోకియా 2690, రెండంగుళాలు కూడా లేని తెర. ఫోన్‌తో వచ్చిన బ్రౌజర్‌లో ఏ తెలుగు సైటు తెరిచినా అన్నీ డబ్బాలే. వరుసగా ఖాళీ డబ్బాలు, మధ్యలో ఎక్కడో ఒక తేదీ. తెలంగాణ ఉద్యమం రోజులవి. రేపు బంద్ ఉందా, పరీక్ష వాయిదా పడిందా అని అందరికీ టెన్షన్. వార్త కళ్లముందే ఉన్నా ఒక్క ముక్క చదవడానికి వచ్చేది కాదు.

క్లాస్‌మేట్ ఒకడు బ్లూటూత్‌లో ఒపెరా మినీ పంపించాడు. అడ్రస్ కొట్టే చోట ‘ఒపెరా’ అని, రెండు చుక్కలు పెట్టి, ‘కాన్ఫిగ్’ అని ఇంగ్లిష్‌లో కొట్టమన్నాడు. ఒక సెట్టింగ్స్ పేజీ వచ్చింది. కిందికి పోతే కాంప్లెక్స్ స్క్రిప్టులకు, అంటే తెలుగులాగా ఒత్తులు, గుణింతాలు ఉన్న లిపులకు, బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అని ఒక వరుస. ‘నో’ను ‘యెస్’ చేసి సేవ్ కొట్టాం. పేజీ మళ్లీ తెరిస్తే డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి! ఆ మధ్యాహ్నం బస్టాండ్‌లో కనీసం పదిమంది ఫోన్లలో ఈ ‘యెస్’ నేనే కొట్టి ఉంటాను.

అదెలా పనిచేసేదో తర్వాత తెలిసింది. నార్వే కంపెనీ ఒపెరా 2006లో ప్రపంచమంతా విడుదల చేసిన ఈ బ్రౌజర్‌లో, పేజీని తెరిచేది మన ఫోన్ కాదు. ఎక్కడో ఉన్న ఒపెరా వాళ్ల పెద్ద కంప్యూటర్, అంటే సర్వర్, తెరిచి, కుదించి, ఫోన్‌కు పంపుతుంది. చాలా పేజీలు పదోవంతుకు దిగిపోయేవి. ఇక ఆ సెట్టింగ్ పెడితే తెలుగు అక్షరాలను కూడా అక్కడే బొమ్మలుగా గీసి పంపేది. ఫోన్‌కు తెలుగు రాకపోయినా ఫర్వాలేదు, బొమ్మ చూపించడం వస్తే చాలు. డేటా కొంచెం ఎక్కువ తినేది, అక్షరాలు కాపీ చేద్దామంటే కుదిరేది కాదు. అయినా ఆత్మకూరు దాటాక సిగ్నల్ పోతుంది కాబట్టి హనుమకొండలోనే రెండు మూడు పేజీలు సేవ్ చేసుకుని, ఇంటికి పోయి నాయినకు చూపించేవాడిని. కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ, “తెలుగే కదరా! మరి గింత సిన్నగ రాసిండ్రేంది?” అన్నాడు. మార్కెట్లో పత్తి ధర ఫోన్లో నాయిన తానే చదువుకున్న మొదటి రోజు అది.

దెబ్బ తిన్నది కూడా అందులోనే. ఒకసారి పరీక్ష ఫీజు ఒపెరా మినీలో కట్టాను. డబ్బులు కట్ అయ్యాయి, రసీదు పేజీ మాత్రం రాలేదు. తిరిగి రావడానికి ఇరవై రోజులకు పైగా పట్టింది. బటన్లు, ఫారాలు పనిచేయించే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాం ఎక్కువభాగం సర్వర్ దగ్గరే నడుస్తుంది, మనం ఒక బటన్ నొక్కినా అక్కడికి పోయి రావాలి. బ్యాంకు పేజీలు దీన్ని తట్టుకోవు. పైగా గుప్తంగా వెళ్లాల్సిన సమాచారం కూడా మధ్యలో ఆ సర్వర్ దగ్గర తెరుచుకుంటుంది. ఆ తర్వాత డబ్బుల పని అందులో ఎప్పుడూ చేయలేదు, ఎవరినీ చేయనివ్వలేదు.

మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ కొన్నప్పుడు ఇక తెలుగు గొడవ ఉండదనుకున్నాను. అది 2.3 వెర్షన్, నా ఫోన్లో మళ్లీ డబ్బాలే. మళ్లీ అదే ఒపెరా మినీ, అదే ‘యెస్’. తర్వాతి ఫోన్‌కు వచ్చేసరికి సిస్టమ్‌లోనే తెలుగు ఉంది, క్రోమ్ ఉంది. 2012లో ఆండ్రాయిడ్‌కు వచ్చిన క్రోమ్ నిజంగా పెద్ద మార్పు. కంప్యూటర్‌లో కనిపించే పేజీ ఉన్నదున్నట్టు చేతిలోకి వచ్చింది, ఫారాలు మధ్యలో ఆగకుండా పూర్తయ్యాయి. యూసీ బ్రౌజర్ కూడా కొన్నాళ్లు వాడాను. డౌన్‌లోడ్లు బాగానే అయ్యేవి కానీ మొదటి పేజీ నిండా చెత్త వార్తలు. 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ పోయింది, నాకేమీ బాధ కలగలేదు.

క్రోమ్‌తో నా పేచీ ప్రకటనలే. తెలుగు వార్తల పేజీల్లో నాలుగు వాక్యాలకు ఒక ప్రకటన, స్క్రోల్ చేస్తుంటే వేలికింద ఇంకోటి. నాయిన ఒకటి చదవబోయి ఇంకోటి నొక్కేవాడు. క్రోమ్‌లో ప్రకటనలను ఆపే యాడ్‌బ్లాకర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకునే వీలు లేదు. డేటా ఆదా చేసే లైట్ మోడ్‌ను కూడా ఆ తర్వాత 2022లో తీసేశారు. జియో వచ్చాక డేటాకు కరువు లేదు నిజమే, ఊళ్లో సిగ్నల్ మాత్రం ఇప్పటికీ కరువే.

ఆ ప్రకటనల బాధ పడలేకే 2020 చివరి నుంచి ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నాను. ఆ ఏడాదే దాన్ని ఆండ్రాయిడ్ కోసం కొత్తగా కట్టారు. అడ్రస్ పట్టీ కిందికి వచ్చింది, ఒంటి చేత్తో బస్సులో నిలబడి వాడుకోవచ్చు. యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్‌బ్లాకర్ వేస్తే ప్రకటనలు దాదాపు మాయం. అన్నిటికంటే విలువైంది రీడర్ వ్యూ. అడ్రస్ పక్కన వచ్చే చిన్న గుర్తు నొక్కితే వార్త తప్ప అన్నీ పోతాయి, అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. నాయిన ఫోన్లో అదే పెట్టిచ్చాను. లోపాలు లేవని కాదు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లో క్రోమ్ కంటే నిదానం, కొన్ని సైట్లు క్రోమ్‌లోనే తెరవమంటాయి, రీడర్ గుర్తు అన్ని పేజీలకూ రాదు.

ఒపెరా మినీని మాత్రం తీసెయ్యలేదు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయాం. జంపన్న వాగు దగ్గర జనం మధ్య నెట్‌వర్క్ దాదాపు పడుకుంది. సమ్మక్క చిలకలగుట్ట నుంచి బయలుదేరిందా లేదా అని మా అత్తమ్మ ఒకటే అడుగుతోంది. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ లోడయ్యే గీత సగం దాకా వచ్చి ఆగిపోయింది, మా అల్లుడి ఫోన్లో క్రోమ్‌దీ అదే కథ. ఒపెరా మినీలో డేటాను గట్టిగా ఆదా చేసే మోడ్ పెట్టి మళ్లీ నొక్కాను. ఫొటోలు మసకగా వచ్చాయి కానీ వార్త మొత్తం వచ్చింది. “బయలెల్లింది అత్తమ్మా” అని చదివి చెప్పాను, ఆమె అక్కడే చేతులెత్తి దండం పెట్టుకుంది.