వీడియో డౌన్‌లోడ్ లైబ్రరీని ఎలా ప్యాక్ చేయాలి: డిస్ట్రో ప్యాకేజీ, పిప్, ఒకే ఫైలు... ఏది మేలు?

"నిన్న రాత్రి దాకా బాగానే పనిచేసింది. పొద్దున్నుంచి ఒక్క వీడియో కూడా దిగడం లేదు." వీడియోలు దించే లైబ్రరీని తమ ప్రోగ్రామ్‌లో పెట్టుకున్న వాళ్లందరికీ ఏదో ఒక రోజు ఈ మెసేజ్ వస్తుంది. నాకు మొదటిసారి వచ్చినప్పుడు ఎక్కడ తప్పు చేశానా అని రెండు గంటలు నా కోడంతా వెతికాను. తీరా చూస్తే నా కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారలేదు, మారింది అవతలి సైటు. లైబ్రరీ వాళ్లు దాన్ని సరిచేసి కొత్త వెర్షన్ అప్పటికే విడుదల చేశారు కూడా. అయితే అది నా ప్రోగ్రామ్ వాడేవాళ్ల దాకా చేరే దారి నేను పెట్టలేదు.

అప్పటి నుంచి ఇలాంటి లైబ్రరీని ప్యాక్ చేసేటప్పుడు నేను ముందు చూసేది ఒక్కటే: సైటు మారిన రోజున, సరిచేసిన కోడ్ వాడేవాళ్ల చేతికి ఎంత త్వరగా చేరుతుంది? సైజు ఎంత, ఇన్‌స్టాల్ ఎంత సులువు అనేవి దాని తర్వాతే.

ఉదాహరణగా వైటీ-డీఎల్‌పీని తీసుకుంటాను. 2006లో మొదలైన యూట్యూబ్-డీఎల్ నుంచి ఒక ఫోర్క్ (అదే కోడ్‌ను తీసుకుని వేరేవాళ్లు విడిగా కొనసాగించేది), ఆ ఫోర్క్ నుంచి 2021లో ఇది వచ్చాయి. కమాండ్‌గానూ వాడొచ్చు, పైథాన్ ప్రోగ్రామ్‌లో ఇంపోర్ట్ చేసుకుని లైబ్రరీగానూ వాడొచ్చు. వెయ్యికి పైగా సైట్లకు విడివిడిగా ఎక్స్‌ట్రాక్టర్లు, అంటే ఆ సైటు పేజీలోంచి వీడియోను వెతికి తీసే కోడ్ ముక్కలు, ఇందులో ఉన్నాయి. వెర్షన్ నంబరు కూడా విడుదలైన తేదీయే. 2023.03.04 అంటే ఆ ఏడాది మార్చి 4న వచ్చింది. పాలప్యాకెట్ మీద తేదీలాంటిదే అది.

లెక్కలు చేసే లైబ్రరీని అయిదేళ్లు ముట్టుకోకపోయినా అదే జవాబిస్తుంది. ఇక్కడ అలా కుదరదు. కోడ్‌లో చాలా భాగం వేరేవాళ్ల వెబ్‌పేజీ లోపల ఏది ఎక్కడ ఉందో చెప్పే వివరమే. ఆ పేజీ మారితే మన కోడ్ తప్పైపోతుంది. 2021లో యూట్యూబ్ తన ప్లేయర్ జావాస్క్రిప్ట్‌లో లెక్కగట్టాల్సిన ఒక చిన్న విలువను గట్టిగా అడగడం మొదలుపెట్టింది. ఆ విలువను సరిగ్గా లెక్కగట్టి పంపని ప్రోగ్రాములకు వీడియో ఆగిపోలేదు గానీ, నత్తనడకన దిగేది. దాంతో చాలామంది తమ నెట్ కనెక్షన్‌నే తిట్టుకున్నారు.

ఇప్పుడు డిస్ట్రో ప్యాకేజీ సంగతి, అంటే డెబియన్, ఆర్చ్ లాంటి లినక్స్ రకాలు తామే సిద్ధం చేసి ఇచ్చే ప్రతి. డెబియన్ లాంటి చోట ప్యాకేజీ చేసేవాళ్ల శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది. ఏ ఫైలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది, సంతకం సరిచూసుకునే దిగుతుంది, తీసేస్తే చెత్త మిగలకుండా పోతుంది. అయితే స్టేబుల్ విడుదలకు ఒక నియమం ఉంది: విడుదలయ్యాక కొత్త వెర్షన్లు రావు, భద్రతా లోపాల్లాంటి ముఖ్యమైన మరమ్మతులు మాత్రమే వస్తాయి. డెబియన్ 12 విడుదలైంది 2023 జూన్‌లో, అందులో ఉన్నది ఇందాక చెప్పిన ఆ మార్చి 4 నాటి వెర్షనే. డేటాబేస్‌కో వెబ్ సర్వర్‌కో ఈ నియమం వరం. మన లైబ్రరీకి మాత్రం అదే పెద్ద అడ్డంకి. స్టేబుల్ సర్వర్ మీద దీన్ని నమ్ముకుంటే, విడుదలైన ఏడాదికి మీ చేతిలో ఉండేది పాత పేజీల పటమే. సొంతంగా అప్‌డేట్ చేసుకునే కమాండ్ కూడా అక్కడ పనిచేయదు, ఎందుకంటే ఆ ఫైళ్ల బాధ్యత ప్యాకేజీ మేనేజర్‌ది. అది సరైన పద్ధతే. ఇతరులు పెట్టిన ఫైలును ప్రోగ్రామ్ తనంతట తాను మార్చేయడం మంచిది కాదు. బ్యాక్‌పోర్ట్స్ (స్టేబుల్ కోసం కొత్త వెర్షన్లు విడిగా ఇచ్చే చోటు) నుంచి తెచ్చుకుంటే కొంత నయం. ఆర్చ్ లాంటి రోలింగ్ (విడుదలల కోసం ఆగకుండా ఎప్పటికప్పుడు మారే) డిస్ట్రోలో అయితే ఈ గొడవే పెద్దగా ఉండదు, కొత్త వెర్షన్ త్వరగానే వచ్చేస్తుంది. కాబట్టి ఎవరైనా "డిస్ట్రోదే వాడు" అని సలహా ఇస్తే, ఏ డిస్ట్రో అని అడగండి.

పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ దారిలో ఈ ఆలస్యం ఉండదు. వైటీ-డీఎల్‌పీ వీల్ (పిప్ దించుకునే ప్యాకేజీ ఫైలు) అచ్చమైన పైథాన్ కోడ్, అందుకని విండోస్‌కీ లినక్స్‌కీ మ్యాక్‌కీ ఒకే ఫైలు సరిపోతుంది. ప్యాక్ చేసేవాళ్లకు ఇది ఎంత హాయో! ఒక్కసారి బిల్డ్ చేసి, పైథాన్ ప్యాకేజీలన్నీ ఉండే పైపీఐలో పెడితే ఆ రోజే అందరికీ అందుతుంది. నా ఓటు మొదట దీనికే. అయినా ఇందులో రెండు గుంటలున్నాయి, రెండింట్లోనూ నేను పడ్డాను.

మొదటిది పైకి కనిపించేదే. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌లోకి నేరుగా పిప్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే, ఈ ఎన్విరాన్‌మెంట్‌ను బయటి నుంచి నిర్వహిస్తున్నారంటూ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ ఒకటుంది, దాని పేరులోనే సిస్టమ్ ప్యాకేజీలను పాడుచేయడం అని రాసి ఉంటుంది. దయచేసి మీ రీడ్‌మీలో ఆ ఆప్షన్ రాయకండి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌తో కలవని విడి పైథాన్ ఫోల్డర్) చేసుకోమనండి, లేదా అలాంటిది తనే చేసిపెట్టే పిప్‌ఎక్స్ వాడమనండి. కమాండ్‌గా వాడేవాళ్లకు పిప్‌ఎక్స్ చక్కగా సరిపోతుంది.

రెండోది చప్పుడు చేయదు, అందుకే ఎక్కువ ప్రమాదం. ప్రతి వీల్ లోపలా తనకు కనీసం ఏ పైథాన్ కావాలో రాసి ఉంటుంది. మీ మెషీన్‌లో పైథాన్ అంతకంటే పాతదైతే పిప్ ఎర్రర్ ఇవ్వదు. వెనక్కి వెళ్లి, ఆ పాత పైథాన్‌కు సరిపడే చివరి వెర్షన్‌ను తెచ్చి పెడుతుంది. "సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్" అని కూడా చెబుతుంది. ఒక పాత సర్వర్ మీద మూడుసార్లు అప్‌గ్రేడ్ చేశాను, మూడుసార్లూ అంతా బాగుందనే వచ్చింది, వీడియో మాత్రం దిగలేదు. చివరికి వెర్షన్ తేదీ చూస్తే ఏడాది కిందటిది. పైథాన్ 3.8తో ఉన్న మెషీన్‌లో మీరు ఎన్నిసార్లు అప్‌గ్రేడ్ కొట్టినా ఇదే జరుగుతుంది. వెర్షన్ నంబరు తేదీయే అయినందుకు ఆ రోజు ఎంత సంతోషించానో.

ఇక ఒకే ఫైలు పద్ధతి. ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని ఒకే గాటన కట్టకూడదు.

లినక్స్, మ్యాక్‌ల కోసం విడుదల పేజీలో ఎక్స్‌టెన్షన్ ఏదీ లేకుండా వైటీ-డీఎల్‌పీ అని ఒక ఫైలుంటుంది. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడండి. మొదటి వరుసలో ఇది పైథాన్‌తో నడవాలి అని చెప్పే మామూలు షెబాంగ్ ఉంటుంది. రెండో వరుస నుంచి చదవలేని గజిబిజి, దాని మొదట్లో పీ, కే అనే రెండు అక్షరాలు. అంటే అది జిప్ ఫైలు! జిప్ ఫైలుకు విషయసూచిక చివర్లో ఉంటుంది కాబట్టి ముందు ఒక వరుస అతికించినా చెడిపోదు. లోపల మెయిన్ అనే ఫైలు ఉంటే పైథాన్ ఆ జిప్‌ను విప్పకుండానే నడిపేస్తుంది. ఇంత తేలికైన ప్యాకింగ్ నేను ఇంకెక్కడా చూడలేదు. కాపీ చేసి, నడిపే అనుమతి ఇస్తే చాలు. తనను తాను అప్‌డేట్ చేసుకోగలదు కూడా. మెషీన్‌లో పైథాన్ ఉండటం ఒక్కటే షరతు.

రెండో రకం పైఇన్‌స్టాలర్ అనే పనిముట్టుతో చేసిన ఈఎక్స్ఈ. పైథాన్‌ను కూడా లోపలే పెట్టుకుని వస్తుంది. పైథాన్ అంటే ఏమిటో తెలియని వాళ్లకు ఇవ్వాలంటే ఇదే దిక్కు. నేను మొదట పంచింది ఇలాంటిదే, పన్నెండు మందికి. నడిపిన ప్రతిసారీ తన లోపలి ఫైళ్లన్నీ ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుకుంటుంది, అందుకే మొదలయ్యే ముందు కాసేపు ఆగినట్టుంటుంది. ఆ విప్పుకునే తీరు చూసి యాంటీవైరస్‌లు అనుమానించడం మామూలే. నేను పంపిన పన్నెండు మందిలో ముగ్గురి కంప్యూటర్లలో ఫైలు దిగీదిగగానే మాయమైంది. వాళ్లు నన్ను అనుమానించలేదు గానీ, నాకు మాత్రం రెండు రోజులు టెన్షన్. అధికారిక విడుదలలతో పాటు చెక్‌సమ్‌ల (దిగిన ఫైలు మారలేదని సరిచూసుకునే విలువల) ఫైలు, దాని సంతకం కూడా ఇస్తారు. మీ సొంత ఈఎక్స్ఈ పంచితే మీరూ అలాగే ఇవ్వాలి.

లైసెన్స్ కూడా ఇక్కడ మారిపోతుంది, ఇది చాలామంది గమనించరు. వైటీ-డీఎల్‌పీ మూలకోడ్ అన్‌లైసెన్స్ కింద ఉంది, ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. కానీ పైఇన్‌స్టాలర్ ఫైలులో జీపీఎల్ (పంచితే మూలకోడ్ కూడా ఇవ్వాలనే లైసెన్స్) కింద ఉన్న ఇతర కోడ్ కూడా కలుస్తుంది కాబట్టి, ఆ ఫైలు మొత్తానికి జీపీఎల్ మూడో వెర్షన్ వర్తిస్తుంది. మీ ప్రోగ్రామ్ మూలకోడ్ బయటపెట్టడం మీకు ఇష్టం లేకపోతే, మీ కోడ్‌తో కలిపి ఒకే ఈఎక్స్ఈ చేసే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

లైబ్రరీకి తోడుగా రావాల్సినవి వేరే కథ. పెద్ద రిజల్యూషన్‌లో బొమ్మ ఒక స్ట్రీమ్‌గా, శబ్దం ఇంకో స్ట్రీమ్‌గా వస్తాయి. రెండింటినీ అతకడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ కావాలి. పైపీఐలో అదే పేరుతో ఒక పైథాన్ ప్యాకేజీ ఉంది, అది వేసుకుంటే పని జరగదు. అసలు ప్రోగ్రామే కావాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ రోజురోజుకూ పాతబడే రకం కాదు, కాబట్టి దాన్ని నిశ్చింతగా డిస్ట్రో నుంచే తీసుకోండి. 2025 చివరి నుంచి యూట్యూబ్ పూర్తిగా పనిచేయాలంటే బయటి జావాస్క్రిప్ట్ రన్‌టైమ్ (జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్) కూడా ఉండాలి, డెనో వాడమని వైటీ-డీఎల్‌పీ వాళ్ల సిఫార్సు. అందులో నడిచే స్క్రిప్టులు విడిగా వైటీ-డీఎల్‌పీ-ఈజేఎస్ అనే ప్యాకేజీలో వస్తాయి. పిప్‌లో "డిఫాల్ట్" అనే ఎక్స్‌ట్రాతో కలిపి ఇన్‌స్టాల్ చేస్తే దానికి తగిన వెర్షన్ అదే తెచ్చుకుంటుంది. చేత్తో ప్యాక్ చేసేవాళ్లు మాత్రం రెండింటినీ జంటగా మార్చాలి, ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని మరిచిపోతే చిక్కే.

త్వరగా మారే స్క్రిప్టులను ఇలా విడదీయడం కొత్త ఆలోచన కాదు. లిబ్‌క్వివి అని సీ భాషలో ఒక లైబ్రరీ ఉండేది. సైట్ల వివరాలన్నీ లూవా భాషలో చిన్నచిన్న స్క్రిప్టులుగా రాసి, వాటిని వేరే ప్యాకేజీగా ఇచ్చేవారు. నెమ్మదిగా మారే సీ కోడ్ ఒక పక్క, వారం వారం చెడే స్క్రిప్టులు ఇంకో పక్క. సైటు మారితే స్క్రిప్టుల ప్యాకేజీ ఒక్కటి మారిస్తే చాలు, లైబ్రరీని మళ్లీ కంపైల్ చేయనక్కర్లేదు. మీరే కొత్తగా ఇలాంటి లైబ్రరీ రాస్తుంటే ఈ గీత మొదటి రోజే గీయండి.

డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామ్‌ను, దానికి కావలసినవన్నీ కలిపి కట్టిన మూట) గురించి ఒక్క మాట. అది కూడా బిల్డ్ చేసిన రోజు దగ్గరే గడ్డకట్టుకుపోతుంది. క్రమం తప్పకుండా మళ్లీ బిల్డ్ చేసే ఏర్పాటుంటే వాడండి, లేకపోతే వద్దు.

ఇక సొంత ప్రోగ్రామ్‌లో పెట్టుకునేవాళ్లకు అసలు ఎంపిక ఇంపోర్ట్ చేయడమా, బయట ఉన్న కమాండ్‌ను పిలవడమా అన్నదే. ఎంపీవీ ప్లేయర్ రెండో దారి పట్టింది. వైటీ-డీఎల్‌పీని తనలో కలుపుకోదు, మెషీన్‌లో ఉన్నదాన్ని పిలిచి వాడుకుంటుంది. దాంతో ప్లేయర్‌ను ముట్టుకోకుండానే డౌన్‌లోడర్‌ను మార్చుకోవచ్చు. జనానికి పంచే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అయితే నేనిప్పుడు ఇలాగే చేస్తాను. ఇన్‌స్టాలర్ ఒక ప్రతిని తన ఫోల్డర్‌లో పెడుతుంది, ఆ తర్వాత అది తనను తాను అప్‌డేట్ చేసుకుంటుంది. పైథాన్‌లో రాసిన సర్వర్ అయితే ఇంపోర్టే మేలు. వివరాలన్నీ నేరుగా డిక్షనరీగా అందుతాయి, టెక్స్ట్‌ను కోసుకునే బాధ లేదు. అయితే ప్రాజెక్ట్ ఫైలులో వెర్షన్‌ను సమానం గుర్తుతో బిగించకండి. ఈ తేదీ లేదా ఆ తర్వాతది అని కింది హద్దు ఒక్కటి పెట్టి, రోజూ ఒకసారి కొత్తది తెచ్చి పరీక్షించే జాబ్ పెట్టండి.

ఆ పరీక్షకు ఏ వీడియో వాడుతున్నారో కూడా ముఖ్యమే. 2020 అక్టోబర్‌లో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఆర్ఐఏఏ ఫిర్యాదుతో, కోడ్ దాచి పంచుకునే సైటు గిట్‌హబ్ యూట్యూబ్-డీఎల్‌ను తీసేసింది. ఫిర్యాదులో ఎత్తి చూపిన వాటిలో, కోడ్‌లోని పరీక్షల్లో కాపీరైట్ ఉన్న పాటల లింకులు ఉండటం ఒకటి. నవంబర్‌లో తిరిగి పెట్టారు. అందుకే నా పరీక్ష నేనే తీసి, నేనే అప్‌లోడ్ చేసిన పది సెకన్ల వీడియోతో. డౌన్‌లోడ్ చేసుకునే హక్కు మనకున్న వీడియోలకే ఈ లైబ్రరీ వాడాలన్నది నా పట్టుదల. ఆ కొన్ని వారాల్లో ఇంకోటి కూడా తెలిసింది. గిట్‌హబ్ చిరునామా నుంచే నేరుగా తెచ్చుకునే బిల్డులు ఆగిపోయాయి, డిస్ట్రోల్లో ఉన్న ప్రతులు ఉన్నచోటే ఉన్నాయి. పాతబడతాయని ఇందాక అన్న డిస్ట్రోలకు ఈ ఒక్క విషయంలో దండం పెట్టాలి.

ఇప్పుడు నా ప్రోగ్రామ్‌లో వీడియో దిగకపోతే వచ్చే ఎర్రర్ కింద ఒక వరుస కలిపాను: "డౌన్‌లోడర్ వయసు: 41 రోజులు. అప్‌డేట్ చేయాలా?" వెర్షన్ తేదీని ఈ రోజు నుంచి తీసేయడమే, నాలుగు వరుసల కోడ్. పక్కనే ఒక బటన్ ఉంది. ఆ పన్నెండు మందిలో చాలామంది ఇప్పుడు నాకు మెసేజ్ పెట్టే ముందు దాన్నే నొక్కుతున్నారు.