దారి అనే మాట వెంట మూడు కొండలు

గత సంవత్సరం అక్టోబరు మూడో వారంలో మా బావగారితో కలిసి చైనాలో పుట్టిన తావో మతానికి చెందిన మూడు క్షేత్రాలను చూసి వచ్చాను. తావో అంటే దారి. ఆయన గోదావరి డెల్టాలో నీటిపారుదల ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. నేను ప్రాచీన చైనా తాత్వికుడు లావోత్సు చెప్పినట్టుగా ప్రసిద్ధమైన తావో తే చింగ్‌ను పాతికేళ్లుగా ఇంగ్లీషు అనువాదాల్లో చదువుకుంటున్నవాణ్ణి. ఆ గ్రంథం నాకు పాశ్చాత్యుల చేతుల మీదుగానే అందింది కాబట్టి, అందులో కనిపించే తావోయే అసలైనదనీ, ధూపాలతో, దేవతలతో, రక్షరేకులతో నిండిన చైనా గుళ్లలోని తావో తరువాతి కాలంలో పట్టిన మకిలి అనీ చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం అక్కడికి వెళ్లాక ఎంతవరకు నిలుస్తుందో చూసుకోవాలన్న కోరికే ఈ ప్రయాణానికి కారణం.

వెళ్లదలచినవారు అక్టోబరు మొదటి వారాన్ని తప్పనిసరిగా వదిలిపెట్టాలి. 1వ తేదీ వారి జాతీయ దినోత్సవం కావడంతో ఆ వారం రోజులూ కొండ మెట్ల మీద కాలు పెట్టే చోటు కూడా ఉండదట. నోట్ల వాడకం బాగా తగ్గిపోయింది కనుక ఫోనులో డబ్బు చెల్లించే అలీపే యాప్ పెట్టుకుని, మన కార్డును ఇక్కడ ఉండగానే దానికి జతచేసుకోవాలి. గూగుల్ పటాల మీద ఆధారపడితే దారి తప్పుతాం. శాకాహారులు "నేను శాకాహారిని" అనే మాటను చైనా లిపిలో రాయించి జేబులో ఉంచుకోవాలి. అయినా ఊళ్లలోని హోటళ్లలో కూరగాయల వేపుడు మీద మాంసపు తునకలు చల్లి తెచ్చిన సందర్భాలు మాకు రెండుసార్లు ఎదురయ్యాయి. గుళ్ల భోజనశాలల్లో మాత్రం ఆ భయం లేదు. చ్వాన్‌జెన్ అనే తావో శాఖకు చెందిన సాధువులు బ్రహ్మచారులు, శాకాహారులు; ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు.

మొదట షియాన్‌కు వెళ్లాము. నగరానికి నైరుతి దిక్కున సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, జోంగ్నాన్ పర్వతాల పాదాల దగ్గర లౌగ్వాన్‌తాయ్ ఉంది. లోకం మీద విసిగి పడమటికి వెళ్లిపోతున్న లావోత్సును కనుమ కాపలాదారు యిన్ షీ ఆపి, వెళ్లే ముందు ఏమైనా రాసి ఇమ్మని వేడుకున్నాడనీ, అప్పుడు ఆయన అయిదు వేల అక్షరాలు రాసి ఇచ్చాడనీ ఐతిహ్యం. ఆ బోధ జరిగిన చోటు ఇదేనని ఇక్కడివారు చూపిస్తారు. కొండ దిగువన ఇటీవల కట్టిన విశాలమైన ప్రాంగణాలు, వరుస మండపాలు ఉన్నాయి గానీ, వాటి మధ్య నడుస్తుంటే కాళ్లు నొప్పి పుట్టడం తప్ప మనసు దేనిమీదా నిలవలేదు. పైన చెట్ల నీడలో ఉన్న పాత గుడి చిన్నదే అయినా, అక్కడి శిలాఫలకాల మీద చెక్కిన అక్షరాల ముందు గంటసేపు నిలబడిపోయాను. దీనికి ఒక పూట చాలు. బస షియాన్‌లోనే ఉంచుకోవడం మేలు. నగరంలో గది శుభ్రంగా, చవకగా దొరికింది.

ఆ మరునాడు షియాన్‌లోని మహా హంస స్తూపానికి వెళ్లినప్పుడు నాకు మరొక కథ గుర్తుకు వచ్చింది. మన ధాన్యకటకానికి వచ్చి కొన్ని నెలలు ఉండి శాస్త్రం చదువుకున్న హుయాన్‌త్సాంగ్, స్వదేశానికి తిరిగి వెళ్లాక ఆ స్తూపాన్ని 652లో కట్టించాడు. దానికి అయిదేళ్ల ముందు, 647లో, కామరూప (నేటి అస్సాం) రాజు కోరిక మీద తావో తే చింగ్‌ను సంస్కృతంలోకి మార్చమని చక్రవర్తి ఆయనను ఆజ్ఞాపించాడు. "తావో" అన్న మాటకు "బోధి" అని రాయాలని తావో పండితులు పట్టుబట్టగా, హుయాన్‌త్సాంగ్ ఒప్పుకోక, దానికి "మార్గం" అన్న మాటే సరైనదని వాదించాడు. ఆ అనువాదం నేడు మిగిలి లేదు. అయినా ఆ వాదం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. అన్నీ ఒకటేనని కలిపేయడం ఆయనకు సులువే. కానీ రెండు దేశాలనూ లోతుగా ఎరిగిన ఆ మనిషి ఆ పని చేయలేదు. తూర్పు ఆధ్యాత్మికత అని మనం ఒకే మూటగా కట్టి పడమటి పక్కన నిలబెట్టే దానిలో ఇన్ని అరలు ఉన్నాయని ఏడో శతాబ్దంలోనే ఆయనకు తెలుసు.

షియాన్ నుంచి వుహాన్ మీదుగా రెండో క్షేత్రమైన వూదాంగ్ చేరడానికి రోజంతా రైళ్లలోనే గడిచింది. రైళ్లు సమయానికి నడిచాయి, శుభ్రంగా ఉన్నాయి; పాస్‌పోర్టు ఉన్నవారు మాత్రం ద్వారం దగ్గర సిబ్బంది ఉన్న వరుసలో నిలబడాలి. ఇబ్బంది బస దగ్గర వచ్చింది. కొండ కింది పట్టణంలో మేము ముందుగానే డబ్బు చెల్లించి తీసుకున్న లాడ్జిలో, విదేశీయుల వివరాలను పోలీసులకు నమోదు చేసే ఏర్పాటు తమ దగ్గర లేదని రాత్రి తొమ్మిది గంటలకు చెప్పారు. అరవై ఎనిమిదేళ్ల బావగారు మోకాళ్లు పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే నాకు చాలా బాధ కలిగింది. ఆ లాడ్జి యజమాని తన కారులోనే మమ్మల్ని మరోచోటికి చేర్చినందుకు కృతజ్ఞుణ్ణి. గది అమ్మేటప్పుడే ఆ సంగతి చెప్పని బుకింగ్ సంస్థ మాత్రం డబ్బు తిరిగి ఇవ్వడానికి మూడు వారాలు తీసుకుంది. విదేశీ పాస్‌పోర్టును అంగీకరిస్తారా అని ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

వూదాంగ్ విస్తారమైన కొండ. ప్రవేశ రుసుముతో పాటు లోపలి బస్సులకు, కొన్ని ఆలయాలకు, తీగమార్గానికి వేరువేరుగా చెల్లించాలి కాబట్టి ఖర్చు అనుకున్నదానికంటే పెరుగుతుంది. మింగ్ వంశపు యోంగ్లె చక్రవర్తి 1412లో ఇక్కడ పెద్ద ఎత్తున నిర్మాణాలు మొదలుపెట్టించాడు. 1612 మీటర్ల ఎత్తున్న శిఖరం మీది బంగారు మందిరాన్ని 1416లో బంగారు పూత పూసిన రాగి లోహంతో చేసి, భాగాలుగా తెచ్చి పైన అమర్చారు. లోపల ఉన్న దైవం ఝెన్‌వు, ఉత్తర దిక్కుకు అధిపతి. రెండో రాత్రి కొండ మీదే, నాన్‌యాన్ దగ్గరి సత్రంలో ఉన్నాము. గది చెమ్మగా ఉంది, దుప్పట్లు బరువుగా ఉన్నా వెచ్చగా లేవు, ధర కింది పట్టణానికి రెట్టింపు. అయినా నా సలహా పైనే ఉండమని. బస్సులు రాకముందే, తెల్లవారుజామున ఆ కొండ మనకు దొరుకుతుంది.

నాన్‌యాన్‌లో లోయ మీదికి దాదాపు మూడు మీటర్లు చొచ్చుకువచ్చిన రాతి దూలం ఉంది. దాని కొసన డ్రాగన్ తల, ఆ తల మీద ధూపపాత్ర. ఒకప్పుడు భక్తులు ఆ దూలం మీద నడిచివెళ్లి అగరుకడ్డీ గుచ్చి వచ్చేవారు. ఎందరో పడి చనిపోవడంతో 1673లో కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో దాన్ని నిషేధించారు. ఇప్పుడు దానికి కటకటాల తలుపు ఉంది. ఆ తలుపు ముందే నాకు ఈ యాత్రలోని ముఖ్యమైన సంభాషణ ఎదురయింది. కొండ కింద ఒక శిక్షణాలయంలో మూడు నెలలుగా తైచీ నేర్చుకుంటున్న జర్మన్ యువకుడొకడు మాతో మాట కలిపాడు. తావో తే చింగ్ అతనికి కంఠతా వచ్చు. కానీ గుళ్లలోకి మాత్రం అడుగుపెట్టలేదు. "ఇది మతం, నాకు కావలసింది తావో" అన్నాడు. అప్పుడే ఒక వృద్ధురాలు పసుపు గుడ్డ సంచీలో అగరుకట్టలు పెట్టుకుని, కర్ర పోటేసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆమె ఝెన్‌వును నిజంగా నమ్ముతుందా అని అతను ఫోనులోని అనువాద యంత్రం ద్వారా అడిగాడు. ఆమె ఆ ప్రశ్నను రెండుసార్లు విని, "మా అమ్మ వచ్చేది, నేను వస్తున్నాను" అని చెప్పి, అగరుకడ్డీలు మూడు వెలిగించి, నుదుటికి తాకించి, తలుపుకు ఇవతల ఉన్న పాత్రలో గుచ్చి వెళ్లిపోయింది.

పడమటి చూపుకూ ఈ కొండ చూపుకూ ఉన్న తేడా నాకు అక్కడే స్పష్టంగా తెలిసింది. పడమట మతమంటే ముందు నమ్మకం: సృష్టికి బయట నిలిచి సృష్టిని శాసించే దేవుడు, ఆయన మాట, ఆ మాటను అంగీకరించడమో నిరాకరించడమో చేయవలసిన మనిషి. కాబట్టి "నమ్ముతావా" అన్నది అక్కడ మొదటి ప్రశ్న. ఆ దారిలో పెరిగినవాడు దేవుణ్ణి వదిలిపెట్టినా ఆ ప్రశ్నను వదిలిపెట్టలేడు. అందుకే పంతొమ్మిదో శతాబ్దపు పాశ్చాత్య పండితులు తావోను తత్వంగా ఒకవైపు, మతంగా మరొకవైపు చీల్చి, మొదటిదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని తోసిపుచ్చారు. నేను పాతికేళ్లు చదివింది ఆ చీలికలోని ఒక ముక్కను. మన ఇళ్లలో ఉపనిషత్తు చదివే తాతగారే సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోవడం చూసి పెరిగిన నేను ఆ చీలికను ఎలా ఒప్పుకున్నానో ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

అలాగని ఆ వృద్ధురాలి దారీ మనదీ ఒకటేనని అనను. మన సంప్రదాయాల్లో ఎక్కువ భాగం పుట్టుక నుంచి విడుదలను కోరుతాయి. ఈ కొండల సాధువులు ఊపిరినీ ఆహారాన్నీ కదలికనూ సాధన చేసి ఈ దేహాన్నే దీర్ఘకాలం నిలుపుకోవాలని తపించారు. దేహం వారికి వదలవలసిన చొక్కా కాదు, పండించుకోవలసిన పొలం. హుయాన్‌త్సాంగ్ "బోధి" అన్న మాటను ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఇలాంటిదేనని నా ఊహ.

మాటల సంగతి వచ్చింది కాబట్టి మరొకటి చెప్పాలి. 1919లో వెలువడిన చైనా బైబిలులో యోహాను సువార్త మొదటి వాక్యం "ఆదిలో తావో ఉంది" అని మొదలవుతుంది. తెలుగు బైబిలులో అదే చోట "వాక్యము" అని ఉంది. గ్రీకులోని ఒకే పదానికి మనవారు మాటను ఎంచుకుంటే, అక్కడివారు దారిని ఎంచుకున్నారు. నిజానికి ఆ చైనా అక్షరానికి దారి అనీ, చెప్పడం అనీ రెండు అర్థాలున్నాయి. లావోత్సు మొదటి పంక్తి కూడా ఆ రెండింటితోనే ఆడుకుంటుంది: చెప్పగలిగిన దారి శాశ్వతమైన దారి కాదు. తూర్పు, పడమర ఒకదాన్నొకటి అందుకోవడానికి చేసిన ప్రయత్నాల్లో ఇంత అందమైనది నాకు మరొకటి తెలియదు.

చివరి మజిలీ సిచువాన్‌లోని చింగ్‌చెంగ్ కొండ. చెంగ్డూ నుంచి కొండ దాకా రైలు ఉంది, ప్రయాణం గంట లోపే. రెండో శతాబ్దంలో తావోను వ్యవస్థగా నిలబెట్టిన జాంగ్ దావోలింగ్ ఇక్కడ బోధించాడని చెబుతారు. ఆయన నాటినదని చెప్పే జింకో చెట్టు తియాన్‌షీ గుహాలయంలో ఉంది. కొండ ముందు భాగానికి ప్రవేశ రుసుము మేము వెళ్లినప్పుడు 80 యువాన్లు. చిన్న సరస్సును పడవలో దాటి తీగమార్గంలో పైకి వెళ్లవచ్చు. నడవలేనివారికి ఇద్దరు మోసే వెదురు డోలీ దొరుకుతుంది. బావగారు డోలీ ఎక్కడానికి ఇష్టపడలేదు. కొండ మీది ఒక ఆలయపు అతిథి గదిలో ఒక రాత్రి ఉన్నాము. రెండు చెక్క మంచాలు, ఒక ఫ్లాస్కు వేడినీళ్లు, బయట ఉమ్మడి స్నానాలగది. ఈ యాత్రలో నేను హాయిగా నిద్రపోయిన రాత్రి అదే. భోజనంలో అన్నం, టోఫు, ఆ కొండ ప్రసిద్ధి చెందిన ఊరబెట్టిన కూరగాయలు పెట్టారు. జాడీ మూత చుట్టూ ఉన్న గాడిలో నీళ్లు పోసి గాలి చొరకుండా ఊరబెడతారు. వడ్డించిన సాధువు, బావగారు మూడోసారి అడగడం చూసి, జాడీనే తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మరునాడు దగ్గరలోని ప్రాచీన నీటిపారుదల కట్టడం దుజియాంగ్‌యాన్ చూశాము. ఇక్కడ మాత్రం నేను శ్రోతను, బావగారు గురువు. క్రీస్తు పూర్వం 256 ప్రాంతంలో లీ బింగ్ అనే అధికారి మిన్ నదిని ఆనకట్టతో ఆపకుండా, చేప మూతి ఆకారంలోని గట్టుతో రెండుగా చీల్చాడు. నీరు తక్కువగా ఉన్నప్పుడు సుమారు నూటికి 60 పాళ్లు లోపలి పాయలోకి పోయి పొలాలకు చేరుతుంది, వరదలో ఆ లెక్క తలకిందులై ఎక్కువ నీరు బయటి పాయలోకి పోతుంది. తలుపు మూసేవారు, తెరిచేవారు అక్కరలేకుండా నది వంపే ఆ పని చేసేలా కట్టారు. అర్‌వాంగ్ ఆలయపు గోడ మీద నిర్వహణ సూత్రం ఆరు అక్షరాల్లో ఉంది: ఇసుకను లోతుగా తవ్వు, గట్టును తక్కువ ఎత్తులో కట్టు. లావోత్సు నీటిని పొగిడిన మాటలు నాకు ఎన్నోసార్లు అర్థమైనట్టే ఉండేవి. ఆయన బోధించిన వూ వెయ్, అంటే "చేయకపోవడం", ఊరికే కూర్చోవడం కాదని కూడా చదువుకున్నాను. కానీ ఏటా చలికాలంలో పూడిక తీసే శ్రమ ఉంటేనే ఈ "చేయకపోవడం" నిలుస్తుందని బావగారు వేలు పెట్టి చూపించేదాకా నాకు తట్టలేదు.

నేను ఉత్సాహంలో, పడమటివారైతే దీన్ని గోడ కట్టి లొంగదీసేవారు అన్నాను. బావగారు వెంటనే ఆపారు. "అలా అనకోయ్. ధవళేశ్వరంలో కాటన్ కట్టింది కూడా నీటిని బంధించే గోడ కాదు, పక్కకు మళ్లించి మిగతాది పైనుంచి పొర్లిపోనిచ్చే ఆనకట్టే. కావేరి మీద మన పాత కల్లణైని చూసి నేర్చుకున్నవాడాయన" అన్నారు. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట కింద ఆయన తన ఉద్యోగ జీవితమంతా గడిపారు. లీ బింగ్‌కు ఇక్కడ గుడి కట్టి పూజిస్తున్నారు. మన దగ్గర కాటన్ దొర విగ్రహానికి దండ వేస్తున్నారు.

ఈ మూడింటిలో ఒక్కటే చూడగలిగినవారు చింగ్‌చెంగ్‌నూ దుజియాంగ్‌యాన్‌నూ కలిపి రెండు పూర్తి రోజులు కేటాయించుకోవడం మంచిది. మధ్యాహ్నం పర్యాటకుల గుంపు పలచబడ్డాక, కొండను కోసి లోపలి పాయకు దారి ఇచ్చిన ఇరుకు చోటు దగ్గర నిలబడాలి. అక్కడ నీటి వేగం చూసి బావగారు జేబులోంచి ఒక కాగితం ముక్క తీసి ప్రవాహంలో వేసి, గడియారం చూసుకుంటూ కట్ట వెంబడి దానితో పాటు నడిచారు.