రికోటా స్థానంలో నందిని పనీర్: ఆరు నెలల వాడకం

పాలకూర నింపిన లజాన్యా (పాస్తా రేకుల మధ్య పూరణం పొరలుగా పేర్చి ఒవెన్‌లో కాల్చే ఇటాలియన్ వంట) మా ఇంట్లో నెలకు ఒకసారైనా వండుతాను. దానికి కావలసిన రికోటా అనే మెత్తని ఇటాలియన్ చీజ్ బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి చుట్టుపక్కల ఎప్పుడూ దొరకదు. దొరికిననాడు కూడా నలుగురికి సరిపడా కొనాలంటే ధర చూసి వెనకాడవలసి వస్తుంది. ఒకసారి ఇంటికి తెప్పించుకున్న డబ్బా, గడువు ఇంకా వారం రోజులు ఉండగానే, మూత తీసేసరికి పుల్లటి వాసన కొట్టింది. ఆ సాయంత్రం వీధి చివరి నందిని (కర్ణాటక పాల సహకార సంస్థ) బూత్‌లో 200 గ్రాముల పనీర్ పొట్లం కొని పని గడుపుకున్నాను. అప్పటి నుంచి ఆరు నెలలుగా అదే పనీర్‌ను రికోటాకు బదులుగా రకరకాల వంటల్లో వాడుతున్నాను. ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ సరిపోలేదో వివరంగా చెప్పడం ఇలాంటి ఇబ్బందే పడేవారికి ఉపయోగమని రాస్తున్నాను.

ఇటాలియన్‌లో రికోటా అంటే మళ్లీ వండినది అని అర్థం. చీజ్ తీయగా మిగిలిన తేటను తిరిగి 80 నుంచి 90 డిగ్రీల వరకు కాచినప్పుడు, అందులో మిగిలి ఉన్న మాంసకృత్తులు మెత్తని పలుకులుగా పైకి తేలుతాయి, అదే రికోటా. పనీర్ మాత్రం పాలనే నేరుగా విరిచి, గుడ్డలో కట్టి, బరువు పెట్టి నీరు పిండినది. పుట్టుక వేరైనా రెండింటికీ ఒక గుణం ఉమ్మడిగా ఉంది: వేడికి కరిగి పారవు. పులుపుతో పాలు విరిచినప్పుడు కేసీన్‌ను (పాలలోని ముఖ్య మాంసకృత్తు) కలిపి ఉంచే కాల్షియం చాలావరకు తేటలోకి పోతుంది కనుక పనీర్ మొజరెల్లాలాగా సాగదు. ఒవెన్‌లో అరగంట ఉన్నా పొరల మధ్య నిలిచి ఉండవలసిన పూరణానికి కావలసింది సరిగ్గా ఈ గుణమే. రికోటా లేదని క్రీమ్ చీజ్ వేసిన రోజున నా లజాన్యా పొరలు జారి పళ్లెంలో చెదిరిపోయాయి.

తేడా అంతా నీటిలో ఉంది. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం పనీర్‌లో తేమ 60 శాతం మించకూడదు. రికోటాలో అది 70 శాతం దాటి ఉంటుంది. అంటే 200 గ్రాముల పనీర్‌లో కనీసం 80 గ్రాములు ఘనపదార్థమే. దాన్ని రికోటా మెత్తదనానికి తేవాలంటే లెక్క ప్రకారం మరో 110 నుంచి 150 మిల్లీలీటర్ల పాలు కలపాలి. ఈ లెక్క తెలియక మొదట్లో పనీర్‌ను చేత్తో పొడిచేసి వేశాను. పూరణం రవ్వలాగా పొడిపొడిగా, నోటికి పట్టనట్టుగా వచ్చింది.

ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. పనీర్‌ను ముక్కలు చేసి పది నిమిషాలు వేడినీటిలో నానబెట్టి, నీరు వంచేసి, గోరువెచ్చని పాలను కొద్దికొద్దిగా పోస్తూ చట్నీ జార్‌లో ఆపి ఆపి తిప్పుతాను. ఆపకుండా తిప్పితే జిగురు ముద్ద అవుతుంది, అప్పుడు రికోటాలోని సన్నని పలుకు ఉండదు. పాలకూరను మగ్గబెట్టి, గట్టిగా పిండి, ఈ ముద్దలో ఉప్పు, మిరియాల పొడి, కాస్త జాజికాయతో కలిపితే, పక్కన అసలు రికోటాతో చేసినది పెట్టి చూపినా మా ఇంట్లో పిల్లలు తేడా పట్టలేకపోయారు. నెల్లూరు నుంచి వచ్చిన అత్తయ్య గిన్నె అంచున వేలితో రుచి చూసి, “తీపి వెయ్యని జున్నులాగుందమ్మా” అన్నారు. ఆ పోలిక నాకు ఎంతో సరైనదనిపించింది.

గోధుమపిండి, గుడ్లతో వేసే మెత్తని పాన్‌కేక్‌లలోనూ ఇది చక్కగా కుదిరింది. ఒవెన్‌లో కాల్చే చీజ్‌కేక్‌లో సగం పనీర్ ముద్ద, సగం క్రీమ్ చీజ్ వేస్తే ఫరవాలేదు. పూర్తిగా పనీరే వేస్తే నాలుకకు పలుకులు తగులుతాయి. కాఫీలో తడిపిన బిస్కెట్లతో చేసే టిరమిసు అనే ఇటాలియన్ తీపి వంటకంలో మాత్రం దయచేసి ప్రయత్నించవద్దు. దానికి వాడే మస్కర్‌పోనే మీగడను విరిచి చేసినది, అందులో కొవ్వు 40 శాతానికి పైనే ఉంటుంది; పనీర్‌కు ఎంత మీగడ కలిపి గిలకొట్టినా ఆ వెన్నలాంటి నునుపు రాదు. నేను రెండుసార్లు చేసి, రెండుసార్లూ కాఫీలో తడిసిన పనీర్ రుచే చూశాను.

తీరిక ఉన్నరోజున పనీర్ పొట్లం కూడా కొనను. 6 శాతం కొవ్వున్న లీటరు పాలు పొంగనిచ్చి, దించి, రెండు నిమిషాలు ఆగి, నీళ్లు కలిపిన నిమ్మరసాన్ని నెమ్మదిగా పోస్తాను. విరిగిన పాలను పలుచని గుడ్డలో పావుగంట వడగట్టి, బరువు పెట్టకుండా తీస్తే దాదాపు 300 గ్రాముల మెత్తని ముద్ద వస్తుంది. పాలు కలిపి మెత్తబరచిన పనీర్ కన్నా ఇదే రికోటాకు దగ్గర, ఎందుకంటే ఒకసారి పిండేసిన నీరు మళ్లీ కలిపినా పాత తీరులో ఇమడదు. మిగిలిన తేటతో మరునాటి చపాతీ పిండి కలుపుతాను. పొట్లపు పనీర్‌తో చేసిన ముద్ద మరునాటికి అంచుల వెంట నీరు వదులుతుంది కనుక, చేసిన పూటే వాడేయాలి.