జెరేనియం కొమ్మ: నీళ్ళ గ్లాసులోనా, ఇసుకలోనా?

నర్సరీల్లో జెరేనియం పేరుతో దొరికే పెలార్గోనియంను విత్తనం కంటే కొమ్మతో పెంచడమే సులువు. నీళ్ళలో పెట్టినా, ఇసుకలో గుచ్చినా వేర్లు వస్తాయి. తేడా తెలిసేది ఆ తర్వాతే.

కొమ్మ కోయడం రెండింటికీ ఒకటే. పువ్వు లేని ఆరోగ్యమైన కొమ్మ చివరను 3–4 అంగుళాల పొడవున, కణుపుకు సరిగ్గా కింద, పదునైన బ్లేడుతో కోయాలి. పైన రెండు మూడు ఆకులు చాలు. కింది ఆకులు, మొగ్గలు, కణుపు దగ్గర పొలుసుల్లా అంటుకుని ఉండేవి కూడా తీసేయాలి. కుళ్ళు తరచూ వాటితోనే మొదలవుతుంది.

నీళ్ళ పద్ధతిలో సుఖం ఒక్కటే, వేరు కంటికి కనబడుతుంది. అడుగు కణుపు మాత్రమే మునగాలి, రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. వేర్లు అంగుళం దాటకముందే కుండీలోకి మార్చాలి. నీటి వేర్లు పెళుసు, పొడవైతే నాటేటప్పుడే విరుగుతాయి. విరగకపోయినా మట్టికి అలవాటు పడేదాకా మొక్క వాడిపోయి ఉంటుంది.

అందుకే ఇసుకే మేలు. కోసిన కొమ్మను నీడలో నాలుగైదు గంటలు ఆరనివ్వండి. కడిగిన ముతక ఇసుక సగం, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) సగం కలపండి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి ముందు రెండుసార్లు నానబెట్టి పిండాలి. 4 అంగుళాల మట్టికుండీలో అంచు వెంబడి మూడు కొమ్మలు పడతాయి, లోతు అంగుళంన్నర. ఒకసారి బాగా తడిపి, పైపొర ఆరాకే మళ్ళీ నీళ్ళు. వేర్లు త్వరగా రావడానికి వాడే రూటింగ్ హార్మోన్ అక్కర్లేదు. పాలిథిన్ కవరు మాత్రం అస్సలు కప్పొద్దు. మందార కొమ్మకు పనికొచ్చే ఆ చిట్కా దీనికి చేటే: నూగు ఆకుల మీద తేమ నిలిచి బూజు పడుతుంది. కాడ మొదలు నల్లబడి ఆ నలుపు పైకి పాకితే అది చాలావరకు పితియం అనే కుళ్ళు తెగులే. ఆ కొమ్మనూ మట్టినీ పారేయాల్సిందే. అంతా బాగుంటే మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వస్తుంది.

హైదరాబాదులో ఈ పనికి అక్టోబరు నుంచి జనవరి మంచి కాలం. జూలై తేమకు కొమ్మ కుళ్ళుతుంది, మే ఎండకు వడిలిపోతుంది.

ఇక డాబా మీదికి. వేరు పట్టిన మొక్కను ఒక్కసారే ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడతాయి. ఆ మచ్చలు పోవు, కొత్త ఆకులు మాత్రం బాగానే వస్తాయి. మొదటి మూడు రోజులు పొద్దుటి ఎండ గంటసేపు, ఆపైన రోజుకు అరగంట చొప్పున పెంచితే పది రోజుల్లో అలవాటు పడుతుంది. చలి రాత్రుల తర్వాత ఆకులు ఎర్రబడితే కంగారు పడొద్దు, సాధారణంగా అది తెగులు కాదు. మార్చి దాటాక మధ్యాహ్నం నీడనిచ్చే గ్రీన్‌నెట్ కింద ఉంచాలి. ఇంగ్లండులో ఉన్న మనవాళ్ళకు లెక్క వేరు. అక్కడి భయం ఎండ కాదు, రాత్రి మంచు. ఆగస్టులో కోసిన కొమ్మలను చలికాలమంతా కిటికీ దగ్గర కాపాడి, మే చివర్లోనే బయట పెట్టాలి.